మనసుకు తగిలిన దెబ్బ, చట్టం అడిగిన రుజువు: అమెరికా పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది వైకల్య పింఛను చరిత్ర

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పోలీసులకు, అగ్నిమాపక సిబ్బందికి ఇచ్చే వైకల్య పింఛను ఆ దేశపు కార్మిక పరిహార చట్టాలన్నింటికన్నా పాతది. విధి నిర్వహణలో దెబ్బతిని ఉద్యోగానికి పనికిరాకుండా పోయిన పోలీసులను ఆదుకోవడానికి న్యూయార్కు నగరంలో 1857లోనే ఒక ఏర్పాటు మొదలైంది. 1865లో స్వచ్ఛంద సేవకుల స్థానంలో జీతం తీసుకునే అగ్నిమాపక దళం వచ్చిన కొద్దికాలానికే వారికీ అటువంటి రక్షణ దక్కింది. నడిరోడ్డు మీద దుండగుడిని ఎదిరించమని, మంటల్లోకి దూకమని ఒక మనిషిని ఆదేశించే నగరం, ఆ పనిలో అతడు చేయో కాలో పోగొట్టుకుంటే అతడి కుటుంబాన్ని వీధిన పడేయరాదన్న సూత్రం ఆ ఏర్పాటుకు పునాది. పంతొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి మరికొన్ని పెద్ద నగరాలు కూడా ఇదే దారి పట్టాయి.

ఈ సూత్రంలో ఎవరికీ పేచీ లేదు గాని, దానిని అమలుపరచిన చట్టాలన్నీ శరీరాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. తూటా దిగిన భుజాన్ని, కాలిన చర్మాన్ని, విరిగిన వెన్నెముకను పింఛను బోర్డు వైద్యుడు కళ్ళారా చూసి ధ్రువపరచగలడు. ఏళ్ళ తరబడి శవాలను మోసి, పసిపిల్లల చావులను చూసి, నిద్రకు దూరమై, చివరికి యూనిఫాం తొడుక్కోవడానికే చేతులు వణికే స్థితికి వచ్చిన మనిషిని ఆ బోర్డు ముందు నిలబెట్టినప్పుడు రెండు చిక్కులు ఎదురయ్యాయి. మొదటిది, కంటికి కనిపించని దెబ్బ ఉద్యోగం వల్లనే తగిలిందని రుజువు చేయవలసి రావడం. రెండవది మరింత లోతైనది: చికిత్సకు వెళితే ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఒకవైపు, భృతి కావాలంటే తాను కోలుకోలేనని నిరూపించుకోవలసిన అగత్యం మరోవైపు నిలవడంతో, వైద్యమూ భృతీ ఒకదానికొకటి అడ్డుగా మారాయి. ఈ రెండు చిక్కుముడులను విప్పడానికి శాసనసభలు, న్యాయస్థానాలు, వైద్యులు, ఉద్యోగ సంఘాలు చేసిన ప్రయత్నాలే ఈ చరిత్రలోని ముఖ్య ఘట్టాలు.

శరీరాన్ని కొలిచిన చట్టం

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాలలో అమెరికా రాష్ట్రాలు కార్మిక పరిహార చట్టాలను చేసుకున్నాయి. నిలదొక్కుకున్న వాటిలో మొదటిదిగా విస్కాన్సిన్ 1911లో చేసిన చట్టాన్ని చెబుతారు, చివరగా 1948లో మిసిసిపీ ఆ వరుసలో చేరింది. పనిలో గాయపడిన కార్మికుడు తప్పు ఎవరిదన్న ప్రశ్న లేకుండా వైద్య ఖర్చులు, జీతంలో కొంత భాగం పొందుతాడు, అందుకు బదులుగా యజమాని మీద కోర్టుకెక్కే హక్కును వదులుకుంటాడు. ఈ ఇచ్చిపుచ్చుకునే ఒప్పందమే కార్మిక పరిహారానికి సారం. పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది కొన్ని రాష్ట్రాలలో ఈ చట్టం కిందికి వచ్చారు, న్యూయార్కు వంటి నగరాలలో దాని వెలుపల తమ సొంత పింఛను నిధుల కిందనే ఉండిపోయారు. 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టం మొదట రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల ఉద్యోగులను పక్కన పెట్టింది, తరువాత దారి తెరిచినా చాలా చోట్ల ఈ రెండు దళాలు అందులో చేరలేదు. అందువల్ల వారిలో చాలామందికి పింఛను బోర్డు కాదంటే వెళ్ళి అడగడానికి వేరే గుమ్మం లేకపోయింది.

ఆ బోర్డుల నియమాలలో వైకల్యానికి రెండు అంతస్తులు ఉంటాయి. విధి నిర్వహణ వల్ల కలిగిన వైకల్యానికి ఎక్కువ పింఛను, ఇతర కారణాల వల్ల కలిగిన వైకల్యానికి తక్కువ పింఛను ఇస్తారు. ఇల్లినాయ్ రాష్ట్రంలో విధిలో వికలాంగుడైన పోలీసుకు జీతంలో 65 శాతం, విధితో సంబంధం లేని కారణానికి 50 శాతం దక్కుతుంది. న్యూయార్కు నగరంలో విధిలో జరిగిన ప్రమాదానికి నాలుగింట మూడు వంతుల జీతం పింఛనుగా రావడం తరతరాలుగా అందరికీ తెలిసిన లెక్క. విధి సంబంధమైన పింఛనుకు సాధారణంగా కేంద్ర ఆదాయపు పన్ను కూడా ఉండదు. కనుక జబ్బు ఉందా లేదా అన్న ప్రశ్నకన్నా, అది ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్నే ఒక కుటుంబం తక్కిన జీవితమంతా ఎలా గడుస్తుందో తేల్చేది.

నెమ్మదిగా ముదిరే శరీర వ్యాధుల విషయంలో శాసనసభలు ఈ ప్రశ్నకు ఒక పరిష్కారాన్ని కనుగొన్నాయి. పొగ పీల్చిన ఊపిరితిత్తులు ఏ మంట వల్ల పాడయ్యాయో, గుండెపోటు ఏ రాత్రి డ్యూటీ వల్ల వచ్చిందో ఎవరూ విడదీసి చూపలేరు కాబట్టి, ఈ ఉద్యోగులకు గుండె, ఊపిరితిత్తుల జబ్బు వస్తే అది వృత్తి వల్లనే వచ్చిందని చట్టమే భావిస్తుంది, కాదని నిరూపించే భారం యజమానిదవుతుంది. న్యాయ పరిభాషలో ప్రిజంప్షన్ అని పిలిచే ఈ పద్ధతి ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలానికి పలు రాష్ట్రాలలో పాదుకుంది. 1982లో కాలిఫోర్నియా అగ్నిమాపక సిబ్బందికి వచ్చే క్యాన్సరుకూ దానిని వర్తింపజేసింది. మనసు జబ్బును కూడా ఇదే పద్ధతిలో చూడవచ్చునన్న ఆలోచన చట్టమయ్యేందుకు మరో మూడు దశాబ్దాలకు పైగా పట్టింది. ఆ ఆలస్యానికి కారణం వైద్యశాస్త్రంలో, అంతకన్నా పాతదైన ఒక అనుమానంలో ఉంది.

పింఛను ఆశే జబ్బు అన్న అనుమానం

పైకి గాయమేమీ లేకుండా ప్రమాదం నుంచి బయటపడినవారు తరువాత వణుకు, నిద్రలేమి, మతిమరుపుతో కుంగిపోవడాన్ని వైద్యులు తొలుత రైలు ప్రమాదాలలో గమనించారు. లండన్ శస్త్రవైద్యుడు జాన్ ఎరిక్ ఎరిక్సెన్ 1866లో ప్రచురించిన ఉపన్యాసాలలో దీనిని వెన్నెముకకు తగిలిన అదురుగా వివరించాడు. జర్మనీలో 1884 నాటి ప్రమాద బీమా చట్టం వచ్చిన తరువాత నాడీవైద్యుడు హెర్మన్ ఓపెన్‌హైమ్ 1889లో దీనికి ఆఘాత నాడీరోగమని పేరు పెట్టి, పరిహారానికి అర్హమైన జబ్బుగా నిలబెట్టాడు. ఆయన ప్రత్యర్థులు మాత్రం బీమా సొమ్ము మీది ఆశే ఈ జబ్బును పుట్టిస్తున్నదని వాదించారు. 1926లో జర్మన్ బీమా న్యాయాధికార సంస్థ ఆ వాదనకే మొగ్గి, ఇటువంటి రోగులకు పరిహారపు తలుపు మూసివేసింది. మొదటి ప్రపంచయుద్ధంలో చార్లెస్ మయర్స్ 1915లో ది లాన్సెట్ పత్రికలో వర్ణించిన షెల్ షాక్ చుట్టూ కూడా, వీరు రోగులా పిరికివారా అన్న ప్రశ్నే తిరిగింది. భృతి ఇస్తే జబ్బు పెరుగుతుందన్న ఈ అనుమానం అట్లాంటిక్ దాటి అమెరికా పింఛను బోర్డులలోనూ దీర్ఘకాలం కొనసాగింది.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పౌర జీవితంలోని ఒక విషాదం వైద్యుల దృష్టిని మార్చింది. 1942 నవంబరు 28 రాత్రి బోస్టన్ నగరంలోని కోకోనట్ గ్రోవ్ నైట్ క్లబ్బు తగలబడి 492 మంది మరణించారు. బతికి బయటపడినవారిని, ఆప్తులను కోల్పోయినవారిని పరిశీలించిన మనోవైద్యుడు ఎరిక్ లిండెమన్ 1944లో ప్రచురించిన వ్యాసం, తీవ్ర దుఃఖానికి గుర్తించదగిన లక్షణాలూ క్రమమూ ఉంటాయని, సకాలంలో సాయం చేస్తే అది ముదరకుండా ఆపవచ్చునని చూపింది. సంక్షోభ సమయంలో అందించే మానసిక సహాయానికి తరువాతి తరాలు ఆ వ్యాసాన్నే మూలంగా చెప్పుకున్నాయి. అయితే అధ్యయనం బాధితుల మీద, వారి బంధువుల మీద నిలిచింది గాని, అదే భవనంలోంచి శవాలను బయటికి మోసిన సిబ్బంది మీదికి వైద్యశాస్త్రం చూపు మళ్ళడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

న్యాయస్థానాలలో మార్పు ముందుగా ఫ్యాక్టరీ, నిర్మాణ కార్మికుల కేసులతో వచ్చింది. పరంజా కూలి తోటి కార్మికుడు కళ్ళముందే పడి చనిపోవడం చూసి, ఆ తరువాత ఎత్తులో పనిచేయలేకపోయిన ఒక ఇనుప పనివాడి వ్యాజ్యంలో టెక్సస్ సుప్రీంకోర్టు 1955లో, శరీర నిర్మాణానికి హాని అంటే ఎముకలకూ కండరాలకూ జరిగిన హాని మాత్రమే కాదని, మనిషి మొత్తంగా పనిచేయలేకపోవడమే హాని అని తీర్పునిచ్చింది. 1960లో మిషిగన్ సుప్రీంకోర్టు ఒక అసెంబ్లీ లైను కార్మికుడి మానసిక కుంగుబాటుకు, శరీరానికి ఏ దెబ్బా తగలకపోయినా, పరిహారం ఇవ్వాలని చెప్పింది. కార్మిక పరిహార న్యాయంలో ప్రామాణిక గ్రంథకర్త అయిన ఆర్థర్ లార్సన్ ఇటువంటి కేసులను మూడుగా విభజించాడు: శరీర గాయం వల్ల మనసు దెబ్బతినడం, మానసిక ఒత్తిడి వల్ల శరీరం దెబ్బతినడం, మానసిక కారణం వల్ల మనసే దెబ్బతినడం. మొదటి రెండింటినీ చట్టం చాలావరకు అంగీకరించింది. పోలీసుల, అగ్నిమాపక సిబ్బంది బాధ అధికంగా పడేది మూడవ తరగతిలో, సరిగ్గా అక్కడే ఎక్కువ రాష్ట్రాలు వెనుకడుగు వేశాయి.

ఠాణాలో మనస్తత్వవేత్త

1960లలో నగరాలు అల్లర్లతో అట్టుడికిన కాలంలో పోలీసుల మానసిక స్థితి ప్రజల చర్చకు వచ్చింది. నియామకానికి ముందు మానసిక పరీక్ష అవసరమని 1967లో దేశాధ్యక్షుడు నియమించిన కమిషను సూచించింది. మరుసటి ఏడాది, 1968లో, లాస్ ఏంజెలిస్ పోలీసు శాఖ మార్టిన్ రైజర్‌ను పూర్తికాలపు మనస్తత్వవేత్తగా నియమించుకుంది. 1970ల మధ్యలో కేంద్ర వృత్తి ఆరోగ్య పరిశోధనా సంస్థ తరఫున విలియం క్రోస్ మొదలైనవారు పోలీసు పనిలోని ఒత్తిడిని వృత్తి వ్యాధుల కోణంలో పరిశీలించారు. వారి పరిశీలనలో నేరస్థుల భయం కన్నా, షిఫ్టుల మార్పు, కోర్టు హాజరీలు, పై అధికారుల తీరు వంటివి తక్కువ బాధ పెట్టేవి కావని తేలడం విశేషం.

కాని శాఖ నియమించిన మనస్తత్వవేత్తకు మొదటినుంచీ రెండు పనులు ఒకేచోట పడ్డాయి. ఒకటి బాధలో ఉన్న ఉద్యోగికి చికిత్స చేయడం; రెండవది ఉద్యోగి పనికి తగిన స్థితిలో ఉన్నాడా లేదా అని శాఖకు నివేదించడం. మొదటి పనిలో అతడు రోగి పక్షాన ఉంటాడు, రెండవ పనిలో యజమాని పక్షాన ఉంటాడు. ఎదుట కూర్చున్నది ఏ మనస్తత్వవేత్తో తెలియని పోలీసు నోరు విప్పడు. పనికి తగడన్న నివేదిక వస్తే ముందు తుపాకి, బ్యాడ్జి తీసుకుంటారు. అలా తుపాకి పోగొట్టుకుని కార్యాలయపు పనులకు మారినవారిని న్యూయార్కు పోలీసులు రబ్బర్ గన్ స్క్వాడ్ అని ఎగతాళిగా పిలిచేవారు. ఆ పేరు పడుతుందన్న భయమే ఎందరినో వైద్యుడి గుమ్మం తొక్కనివ్వలేదు. అగ్నిమాపక కేంద్రాలలో మద్యం, ఠాణాలలో మౌనం ఈ ఖాళీని నింపాయి.

1980లో అమెరికన్ మనోవైద్యుల సంఘం తన రోగనిర్ణయ గ్రంథపు మూడవ కూర్పులో పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ (ఆఘాత రుగ్మత) అనే వ్యాధిని చేర్చింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికుల పోరాటం దీని వెనుక ముఖ్యమైన బలం. ప్రాణాంతక సంఘటన పదేపదే కళ్ళముందు మెదలడం, దానిని గుర్తుచేసే చోటినీ మనుషులనూ తప్పించుకు తిరగడం, ఎప్పుడూ ఉలికిపాటుతో ఉండడం దీని ప్రధాన లక్షణాలు. ఈ వ్యాధికి ఒక పేరు దొరకడం చట్టానికి గొప్ప ఆధారమైంది గాని, అప్పటి నిర్వచనం సాధారణ మానవానుభవానికి వెలుపలి సంఘటనను కోరింది. రోజూ ప్రమాదాల నడుమ తిరిగేవాడికి అది సాధారణమే కదా అన్న ఎదురువాదన పుట్టడానికీ అదే చోటిచ్చింది.

చికిత్స పక్షాన తొలి విస్తృత ప్రయత్నం మేరీలాండులో అగ్నిమాపక, అత్యవసర వైద్య సేవలలో పనిచేసిన జెఫ్రీ మిచెల్‌ది. ఘోరమైన సంఘటన జరిగిన కొద్ది రోజులలోనే అక్కడ పనిచేసిన బృందమంతటినీ కూర్చోబెట్టి, చూసినదీ అనుకున్నదీ క్రమంగా చెప్పించే సామూహిక పద్ధతిని ఆయన 1983లో వివరించాడు. అది దేశమంతటా, తరువాత విదేశాలకూ పాకింది. అయితే 2002లో ది లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక సమీక్ష, ఒక్క విడతతో ముగిసే అటువంటి సమావేశం ఆఘాత రుగ్మతను నివారిస్తుందనడానికి ఆధారం లేదని తేల్చింది, బలవంతపు హాజరీ మానుకోవాలని ఇతర సమీక్షలూ సూచించాయి. నిలిచిన వైద్యం దీర్ఘకాలికమైనది: భయపెట్టే జ్ఞాపకాన్ని వైద్యుడి సమక్షంలో భద్రంగా, మళ్ళీ మళ్ళీ ఎదుర్కొనే ఎడ్నా ఫోవా పద్ధతి, అపరాధ భావన వంటి ఆలోచనలను పరీక్షించి సరిదిద్దే పట్రీషియా రెసిక్ పద్ధతి, కళ్ళ కదలికలతో జ్ఞాపకాన్ని జోడించే ఫ్రాన్సీన్ షపీరో పద్ధతి. వీటిలో రెసిక్ పద్ధతి మామూలుగా 12 విడతలలో సాగుతుంది. కోలుకునే అవకాశం నిజంగా ఉన్న వ్యాధి ఇదని ఈ పద్ధతులు చూపడంతో, శాశ్వత వైకల్యాన్ని ఎప్పుడు నిర్ధారించాలన్న ప్రశ్నకు కొత్త అర్థం వచ్చింది.

చికిత్స గదిలో చెప్పిన మాట బయటికి పొక్కదన్న హామీ 1996లో అమెరికా సుప్రీంకోర్టు నుంచి వచ్చింది. ఇల్లినాయ్‌లోని హాఫ్‌మన్ ఎస్టేట్స్ గ్రామ పోలీసు ఒకరు 1991లో విధి నిర్వహణలో ఒక వ్యక్తిని కాల్చి చంపి, ఆ తరువాత లైసెన్సు పొందిన ఒక సామాజిక కార్యకర్త వద్ద చికిత్సా సంప్రదింపులు జరిపారు. మృతుడి కుటుంబం వేసిన దావాలో ఆ సంభాషణల నోట్సు బయటపెట్టాలన్న కోరిక చివరికి జాఫీ వర్సెస్ రెడ్మండ్ అనే కేసుగా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. జస్టిస్ జాన్ పాల్ స్టీవెన్స్ రాసిన తీర్పు, మానసిక చికిత్సకుడికీ రోగికీ మధ్య సంభాషణను ఫెడరల్ కోర్టులలో బలవంతంగా బయటపెట్టించరాదని ప్రకటించింది. ఏడుగురు న్యాయమూర్తులు అనుకూలంగా, ఇద్దరు వ్యతిరేకంగా నిలిచిన ఆ తీర్పు దేశంలోని రోగులందరికీ రక్షణగా నిలిచింది. దానికి మూలం ఒక పోలీసు చేయించుకున్న చికిత్స. అదే ఏడాది న్యూయార్కులో పోలీసుల ఆత్మహత్యలు కలచివేసిన నేపథ్యంలో, శాఖకు సంబంధం లేకుండా, తోటి పోలీసులే స్వచ్ఛందంగా బాధితుడి మాట వినే ఒక సంస్థ ఏర్పడింది.

అది నీ ఉద్యోగమే కదా అన్న వాదన

వైద్యం ముందుకు సాగుతున్న కాలంలోనే భృతి చట్టాలు వెనక్కి నడిచాయి. పరిహారం ఖర్చులు పెరుగుతున్నాయన్న ఆందోళనతో 1993లో కాలిఫోర్నియా, మానసిక గాయానికి ఉద్యోగమే ప్రధాన కారణమని నిరూపించాలన్న కఠిన ప్రమాణం పెట్టింది. అదే ఏడాది కనెటికట్, శారీరక గాయం లేని మానసిక రుగ్మతలను దాదాపుగా చట్టపు పరిధి నుంచే తొలగించింది. మిన్నెసోటా సుప్రీంకోర్టు 1981లోనే ఈ తరగతి వ్యాజ్యాలను అంగీకరించేది లేదని చెప్పి, ఆ మార్పు శాసనసభ చేయాలి గాని కోర్టు కాదని వదిలివేసింది.

పింఛను బోర్డుల ఎదుట కష్టం మరింత సూక్ష్మమైనది. 1997లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు, పోలీసు ఉద్యోగంలోని సాధారణ ఒత్తిడి ఏళ్ళ తరబడి పేరుకుని మనిషిని కుంగదీసినా అది విధి సంబంధమైన 65 శాతం పింఛనుకు సరిపోదని, పోలీసు పనికే ప్రత్యేకమైన, గుర్తించి చూపగల ఫలానా చర్య నుంచి వైకల్యం పుట్టాలని తీర్పు చెప్పింది. న్యూజెర్సీ సుప్రీంకోర్టు 2008లో కొంత ఉదారంగా, శరీరానికి గాయం లేకపోయినా మరణాన్ని లేదా తీవ్ర గాయాన్ని ప్రత్యక్షంగా ఎదుర్కొన్న భయానక సంఘటన నుంచి కలిగిన మానసిక వైకల్యానికి పెద్ద పింఛను దక్కవచ్చునని అంగీకరించింది. అయితే ఆ రాష్ట్రపు చట్టం సంఘటన అనుకోనిదై ఉండాలని కూడా కోరుతుంది. 2018లో ఆ కోర్టు ఒకే తీర్పులో రెండు కేసులను తేల్చింది: మంటలార్పే శిక్షణ గాని సామగ్రి గాని లేకుండా, కారులో కాలిపోతున్నవారి ఎదుట నిస్సహాయంగా నిలబడిన పోలీసుకు ఎదురైనది అనుకోని సంఘటనేనని ఒప్పుకుంది, బందీలను విడిపించే సంప్రదింపులలో శిక్షణ పొంది, గంటల తరబడి అదే పనిలో ఉండి, అది ప్రాణనష్టంతో ముగియడం చూసిన మరో పోలీసుకు, అది అతడి శిక్షణ ఊహించిన పరిస్థితేనని చెప్పి పింఛను నిరాకరించింది.

ఈ తీర్పులలోని తర్కం చట్టపు మాటలకు కట్టుబడినదే అయినా, దాని ఫలితం మూల సూత్రాన్నే తలకిందులు చేస్తుంది. ప్రమాదకరమైన పని చేయిస్తున్నందుకే పుట్టిన పింఛను, ఆ పని ప్రమాదకరమని ముందే తెలుసు కదా అన్న కారణంతో నిరాకరణకు గురవుతోంది. ఎంత ఎక్కువ శిక్షణ పొంది, ఎంత ఎక్కువ కాలం ఘోరాలను భరిస్తే అంత తక్కువ అర్హత మిగిలే లెక్కను కాలిన చేతికి ఏ చట్టమూ వర్తింపజేయలేదు. వైద్యశాస్త్రం ఈలోగా సరిగ్గా వ్యతిరేక దిశలో నడిచింది: 2013లో వెలువడిన రోగనిర్ణయ గ్రంథపు ఐదవ కూర్పు, ఘోరమైన వివరాలకు పదేపదే గురికావడమూ ఈ వ్యాధికి కారణమని చెబుతూ, మానవ అవశేషాలను సేకరించే అత్యవసర సిబ్బందిని, పిల్లల మీద జరిగే హింస వివరాలను మళ్ళీ మళ్ళీ వినవలసివచ్చే పోలీసులను ఉదాహరణలుగా పేర్కొంది. అంటే, ఉద్యోగంలోని నిత్యకృత్యమే గాయం కాగలదని వైద్యులు ఒప్పుకున్నారు.

విషాదాల వెంట వచ్చిన చట్టాలు

మార్పును తెచ్చినవి ఒకదాని వెనుక ఒకటి వచ్చిన పెద్ద విషాదాలు. 1995 ఏప్రిల్ 19న ఓక్లహోమా నగరంలో ఫెడరల్ భవనం పేలుడులో 168 మంది మరణించారు. అక్కడ పనిచేసిన 181 మంది అగ్నిమాపక సిబ్బందిని పరిశీలించిన కెరొల్ నార్త్ బృందం, వారిలో 13 శాతం మందికి ఆఘాత రుగ్మత ఉన్నట్టు, అంతకన్నా ఎక్కువగా 24 శాతం మందికి మద్య సంబంధమైన రుగ్మత ఉన్నట్టు 2002లో ప్రకటించింది. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కు అగ్నిమాపక శాఖ ఒక్క ఉదయంలో 343 మందిని కోల్పోయింది. బతికినవారు నెలల తరబడి ఆ శిథిలాలలో సహచరుల అవశేషాలను వెతికారు. 2010 డిసెంబరులో కాంగ్రెస్ ఆమోదించగా 2011 జనవరి 2న సంతకం పొందిన జడ్రోగా చట్టం, ఊపిరితిత్తుల జబ్బులతో పాటు ఆఘాత రుగ్మత, కుంగుబాటు వంటి మానసిక వ్యాధులకూ ఉచిత వైద్యాన్ని ఏర్పరచింది. 2015లో ఆ కార్యక్రమాన్ని 2090 వరకు పొడిగించారు. శరీరాన్నీ మనసునూ ఒకే గొడుగు కిందికి తెచ్చిన ఆ చట్టం ఒక్క సంఘటనకే పరిమితమైనది.

2012 డిసెంబరు 14న కనెటికట్‌లోని న్యూటౌన్ పట్టణంలో శాండీ హుక్ పాఠశాలలో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు కాల్పులకు బలయ్యారు. ఆ తరగతి గదులలోకి వెళ్ళిన పోలీసులలో కొందరు తిరిగి విధులకు రాలేకపోయారు, కాని వారి శరీరాలకు గాయం లేదు కాబట్టి 1993 నాటి సవరణ ప్రకారం వారికి పరిహారం లేదు; సిక్ లీవులు వాడుకుని ఇంట్లో ఉండవలసి వచ్చింది. 2013లో ఆ సంఘటన వరకే ఒక ప్రత్యేక సహాయ నిధిని ఏర్పరచి రాష్ట్రం తాత్కాలికంగా సర్దుబాటు చేసింది గాని, పోలీసులకు, అగ్నిమాపక సిబ్బందికి ఆఘాత రుగ్మతపై పరిహారం ఇచ్చే సాధారణ చట్టం 2019లో గాని రాలేదు.

ఈలోగా పొరుగు దేశమైన కెనడాలో ఆల్బర్టా 2012లో, ఆంటారియో 2016లో ఆఘాత రుగ్మతకు కూడా ప్రిజంప్షన్ పద్ధతిని వర్తింపజేశాయి. 2016 జూన్ 12న 49 మంది ప్రాణాలు తీసిన ఆర్లాండో నగరపు పల్స్ నైట్ క్లబ్బు కాల్పుల తరువాత, అక్కడ శవాల మధ్య పనిచేసిన సిబ్బందికి వైద్యం తప్ప జీతనష్టానికి పరిహారం దక్కని స్థితి ఫ్లోరిడాలో బయటపడింది. 2018 మార్చిలో ఆమోదం పొందిన చట్టం ఆ లోటును తీరుస్తూ, మైనరు మృతదేహాన్ని చూడడం వంటి అర్హమైన సంఘటనలను జాబితాగా ఇచ్చింది, కాని స్పష్టమైన బలమైన వైద్య సాక్ష్యం కావాలన్న కఠిన నియమాన్ని ఉంచింది. కాలిఫోర్నియా 2019లో చేసిన చట్టం ఒక అడుగు ముందుకు వేసి రుజువు భారాన్నే యజమాని మీదికి మార్చింది. పద్ధతి ఎన్నుకోవడంలో రాష్ట్రాల తేడా ఇక్కడే ఉంది: జాబితా పద్ధతి ఒకే ఒక ఘోరాన్ని వెతుకుతుంది, ప్రిజంప్షన్ పద్ధతి మొత్తం ఉద్యోగ జీవితాన్ని లెక్కలోకి తీసుకోగలుగుతుంది.

కేంద్ర స్థాయిలో 1976 నాటి చట్టం, విధిలో మరణించినవారి కుటుంబాలకు 50,000 డాలర్లు ఇచ్చే ఏర్పాటుతో మొదలై, 1990లో శాశ్వత సంపూర్ణ వైకల్యానికీ విస్తరించి, 2001లో 250,000 డాలర్లకు పెరిగింది. ఒత్తిడిని గాయంగా లెక్కించరాదన్నది దాని నియమం. 2003లో గుండెపోటుకు, పక్షవాతానికి మినహాయింపు ఇచ్చినా మనసుకు ఇవ్వలేదు. రూడర్మన్ ఫౌండేషన్ 2018లో వెలువరించిన నివేదిక ప్రకారం 2017లో 140 మంది పోలీసులు, 103 మంది అగ్నిమాపక సిబ్బంది ఆత్మహత్య చేసుకోగా, విధిలో మరణించినవారు వరుసగా 129 మంది, 93 మంది. 2021 జనవరి 6న అమెరికా పార్లమెంటు భవనం మీద జరిగిన దాడి తరువాత దానిని కాపాడిన కొందరు పోలీసులు ప్రాణాలు తీసుకోవడం కాంగ్రెస్‌ను కదిలించింది. 2022 ఆగస్టులో వచ్చిన చట్టం, ఆఘాతకర సంఘటన వల్ల కలిగిన మానసిక రుగ్మతను వైకల్యంగా, దాని పర్యవసానంగా జరిగిన ఆత్మహత్యను నిర్ణీత షరతులతో విధి మరణంగా గుర్తించింది.

మిన్నెసోటా నేర్పిన క్రమం

ఈ ప్రయాణమంతటినీ పదేళ్ళలో నడిచిన రాష్ట్రం మిన్నెసోటా. అక్కడి శాసనసభ 2013లో ఆఘాత రుగ్మతను వృత్తి వ్యాధిగా గుర్తించింది. ఆ చట్టానికి ముందు ఒక బాలిక మరణించిన ప్రమాదస్థలంలో పనిచేసి జబ్బుపడిన హచిన్సన్ పట్టణ పోలీసుకు, పాత సూత్రం ప్రకారం పరిహారం లేదని రాష్ట్ర సుప్రీంకోర్టు 2014లో తేల్చడం, శాసనం ఎంత అవసరమో చూపింది. 2018లో చేసిన సవరణతో 2019 జనవరి 1 నుంచి పోలీసులకు, అగ్నిమాపక సిబ్బందికి, అత్యవసర వైద్య సిబ్బందికి, ఫోన్ అందుకుని సిబ్బందిని పంపే డిస్పాచర్లకు ప్రిజంప్షన్ వర్తించింది.

2020 మే 25న మినియాపొలిస్ పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ హత్యకు గురికావడం, ఆ తరువాతి అలజడి, ఒక ఠాణా దగ్ధం కావడం జరిగాక, ఆ నగర పోలీసులలో వందకు పైగా మంది ఆఘాత రుగ్మత కారణంగా వైకల్య దరఖాస్తులు పెట్టారు. వాటికి రాజీనామాలూ తోడై దళం బాగా కుంచించుకుపోయింది. ప్రజలలో ఒక వర్గం ఈ దరఖాస్తులను అనుమానంగా చూసింది, నగర ప్రభుత్వాలు పింఛను నిధుల భారాన్ని చూసి బెదిరాయి. విధిలో వికలాంగులైనవారికి 65 ఏళ్ళ వయసు వరకు ఆరోగ్య బీమా కొనసాగించాలన్న 1997 నాటి చట్టం ఆ భారాన్ని మరింత పెంచింది. ఒక పోలీసు చేసిన హత్యకు న్యాయం కోరడం, ఆ రోజుల ఒత్తిడిలో జబ్బుపడిన ఇతర ఉద్యోగుల వైద్యాన్ని గుర్తించడం అనే రెండు బాధ్యతలను కలపకుండా, విడివిడిగా నిర్వర్తించవలసిన పరీక్ష ఆ సమాజానికి ఎదురైంది.

2023లో శాసనసభ ఇచ్చిన సమాధానం ఈ చరిత్రలో మలుపు. మానసిక రుగ్మత కారణంగా విధి వైకల్య పింఛను కోరే ఉద్యోగి ముందుగా గరిష్ఠంగా 32 వారాల చికిత్స పొందాలి. ఆ కాలమంతటా యజమాని పూర్తి జీతాన్ని, ఇతర సదుపాయాలను కొనసాగించాలి, అందుకయ్యే ఖర్చును తిరిగి చెల్లించేందుకు రాష్ట్రం నిధులు కేటాయించింది. చికిత్స ముగిశాక కోలుకున్నవారు విధులకు తిరిగి రావచ్చు, కోలుకోనివారు పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. చికిత్సను షరతుగా పెట్టడం నిజంగా కుంగిపోయినవారికి మరో అడ్డంకి అవుతుందన్న ఆందోళన ఉద్యోగ సంఘాలలో, చిన్న పట్టణాలలో నిపుణుల కొరత గురించిన చింత పాలకులలో వ్యక్తమైంది. ఆ రెండూ తోసిపుచ్చదగినవి కావు. అయినా, పన్నెండు విడతల చికిత్సకు సరిపడే వ్యవధిని జీతంతో సహా ఇవ్వడం ద్వారా, కోలుకుంటే భృతి పోతుంది, భృతి కావాలంటే కోలుకోరాదు అన్న పాత ఉచ్చును ఆ చట్టం సడలించింది.

1857 నుంచి 2023 వరకు సాగిన ఈ క్రమంలో ఒక సత్యం స్థిరంగా కనిపిస్తుంది: రుజువు భారాన్ని మార్చడం ఒక్కటే చాలదు, చికిత్స అందుబాటులో ఉండడం ఒక్కటే కూడా చాలదు. రహస్యం కాపాడని చోట ఉద్యోగి వైద్యుడి దగ్గరికి రాడు. జీతం ఆగిపోయే చోట చికిత్స మధ్యలోనే మానివేస్తాడు. తుపాకి తిరిగి దక్కదన్న నమ్మకం బలపడిన చోట పింఛనే గమ్యమవుతుంది. పింఛను ఆశే జబ్బును పుట్టిస్తుందన్న శతాబ్దపు అనుమానానికి సమాధానం దరఖాస్తుదారులను మరింత కఠినంగా ప్రశ్నించడంలో లేదు, వారు భయం లేకుండా కోలుకోగలిగే ఏర్పాటు చేయడంలో ఉంది. సమాజం తరఫున ఘోరాలను చూడమని కొందరిని పంపే ప్రభుత్వం, వారు చూసిన దాని బరువును తన లెక్కల్లో రాసుకోవలసిందే. అది దయతో ఇచ్చే సొమ్ము కాదు, చేయించుకున్న పనికి ఇంకా చెల్లించవలసి ఉన్న జీతంలో భాగం.